చీపురుపుల్లలు, బొప్పాయి కాడలు

మా అక్క మనవరాలు ప్రసన్న హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. మొన్న అమలాపురం వచ్చినప్పుడు తన కంప్యూటరు తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద ఓ ఆసుపత్రి. వేలితో తిప్పితే తిరుగుతోంది. గోడలు తీసేస్తే లోపల నీళ్ల గొట్టాలు, కరెంటు తీగల గొట్టాలు, చల్లగాలి పోయే రేకు గొట్టాలు రంగురంగుల్లో కనిపిస్తున్నాయి. ఒకదానికొకటి అడ్డం వచ్చిన చోట ఎర్రగా వెలుగుతోంది.

"చూసేవా అమ్మమ్మా, తప్పెక్కడుందో అదే చెప్పేస్తుంది" అంది గర్వంగా.

"చెప్పేక?"

"చెప్పేక ఏముంది, మా పై ఆఫీసరుకి పంపిస్తాను."

"ఆయనేం చేస్తాడు?"

పిల్ల కాస్త నసిగింది. "దిద్దమంటారు. ఒక్కోసారి మాత్రం వదిలెయ్, సైట్లో చూసుకుంటార్లే అంటారు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. డెబ్బైలలో నేను పనిలో చేరినప్పుడు విన్న మాట అదే. యంత్రాలు మారాయి కానీ ఆ మాట మారలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రసన్న కోసం, ప్రసన్న లాంటి పిల్లల కోసం. ఎర్రగా వెలిగేదాకా కంప్యూటరు పని. వెలిగిన తర్వాతే మీ ఉద్యోగం మొదలవుతుంది.

అసలు పని

నా పేరు రత్నకుమారి. మా నాన్నగారు మిషన్ బళ్లో టీచరు. మా ఇంట్లో ఆడపిల్లలకి రెండే దారులు, టీచరు ట్రైనింగు లేదా నర్సు ట్రైనింగు. నేను రెండూ కాదని కాకినాడ వెళ్లి డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాను. చుట్టాలందరూ నాన్నగారిని జాలిగా పలకరించారు. ఆయన మాత్రం "దానికి గీతలంటే ఇష్టమండి, గీసుకోనివ్వండి" అనేవారు.

కట్టడంలో జనానికి కనిపించేవి గోడలు, మేడలు, కిటికీలు. గోడల్లోంచి, స్లాబుల్లోంచి పోయేవి ఎవరికీ కనిపించవు. నీళ్లెలా పైకెక్కాలి, మురుగు ఎటు దిగాలి, కరెంటు తీగ ఎక్కడ తిరగాలి, ఆపరేషన్ గదికి గాలి ఎటునుంచి రావాలి అన్నది చూడడమే నా పని. బాగా చేస్తే ఎవరూ మెచ్చుకోరు, అలాంటిదొకటి ఉందనే ఎవరికీ తోచదు. చెడగొడితే మాత్రం ఊరంతా ముక్కు మూసుకుని మన పేరు చెబుతుంది.

ఆ రోజుల్లో ఈ మూడింటినీ ముగ్గురు గీసేవారు. కరెంటు నక్షా రాజమండ్రి కాంట్రాక్టరు పంపేవాడు. గాలి గొట్టాల నక్షా మద్రాసు కంపెనీ నుంచి వచ్చేది. నీళ్లూ మురుగూ మా ఆఫీసులో గీసేవాళ్లం. ఎవరి కాగితం మీద వాళ్లది తప్పు లేకుండా ఉండేది. మూడూ ఒకే గోడలో దూరాల్సి వచ్చేసరికి కొట్లాట మొదలయ్యేది. ఎవరు ముందు సైటుకొస్తే వాళ్లు జాగా పట్టేసేవారు, తర్వాత వచ్చినవాళ్లు సమ్మెట పట్టుకుని దూలాలు పగలగొట్టేవారు.

నేను అద్దం బల్ల కింద బల్బు పెట్టి, ట్రేసింగ్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి చూసేదాన్ని. ఏది ఎక్కడ ఉందో తెలిసేది కానీ ఎంత ఎత్తులో ఉందో తెలిసేది కాదు. అందుకని బొమ్మ కట్టడం మొదలుపెట్టాను. బట్టల కొట్లో చీరల అట్టపెట్టెలు అడిగి తెచ్చుకుని గోడలూ స్లాబులూ కోసేదాన్ని. ఎర్ర సిరాలో ముంచిన చీపురుపుల్లలు కరెంటు గొట్టాలు, నీలం సిరాలో ముంచినవి నీళ్ల గొట్టాలు. వరసగా అంటించిన అగ్గిపెట్టెలు గాలి గొట్టం. మురుగు గొట్టాలకి బొప్పాయి కాడలు. కాడ లోపల డొల్లగా ఉంటుంది కాబట్టి నీళ్లు పోసి వాలు సరిపోయిందో లేదో చూడొచ్చు. వాటితో ఒకటే చిక్కు, రెండు మూడు రోజుల్లో వడిలిపోయేవి. మళ్లీ కొత్తవి కోసుకురావాలి. "ఇల్లూడవడానికి చీపురుండదు, చెట్టుకి ఆకుండదు, ఇదేం ఉద్యోగమే నీది" అని మా అమ్మ రోజూ తిట్టేది.

ఆఫీసులో నాకు చీపురుపుల్లల ఇంజినీరని పేరు పెట్టారు. ఎదురుగానే అనేవారు. నేను పలికేదాన్ని కూడా.

సూర్యారావు గారు

ఆ ఆఫీసు సూర్యారావు గారిది. ఆయన పెద్ద ఇంజినీరు. కోనసీమలో నాలుగు మెట్లు పైకెక్కిన మేడ ఏదైనా ఆయన చెయ్యి పడకుండా లేచేది కాదు. నన్ను పనిలో పెట్టుకున్నందుకు ఆయన్ని చాలామంది ఎగతాళి చేశారు. ఆయన లెక్కచెయ్యలేదు. అది నేను ఈ రోజుకీ మరచిపోను.

పని నేర్పింది కూడా ఆయనే. నేను చేరిన కొత్తలో కొత్తపేట దగ్గర ఒకాయన మరుగుదొడ్డి తొట్టి కట్టించుకుని, సిమెంటు చేశాక ఖాళీగా వదిలేశాడు. వానలు పట్టాయి. కాలువలు నిండాయి. నేల లోపల నీరు పైకుబికి, ఆ తొట్టిని మొత్తం పైకి లేపేసింది. మేం వెళ్లేసరికి అది పెరట్లో పడవలా ఓ పక్కకి ఒరిగి తేలుతోంది. ఊళ్లో వాళ్లంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వుతున్నారు. సూర్యారావు గారు నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "చూడమ్మా, మన కోనసీమలో నేలంటే నేల కాదు, కింద నీళ్లే. కాగితం మీద ఆ నీళ్లు కూడా గీయాలి" అన్నారు. అప్పటినుంచి నా ప్రతి నక్షాలోనూ వానాకాలం నీటిమట్టం గీత ఉంటుంది. అలాంటి గురువు మళ్లీ దొరకలేదు నాకు.

ఆయనకున్న జబ్బల్లా ఒకటే. డబ్బిచ్చే పెద్దమనిషి ఎదురుగా నిలబడితే ఆయనకి నోరు పెగిలేది కాదు. మేస్త్రీల మీద పులిలా గర్జించే మనిషి అక్కడ చేతులు కట్టుకుని "చిత్తమండి" అనేవారు. తర్వాత మా దగ్గరికొచ్చి "సైట్లో చూసుకుందాంలే" అనేవారు. ఈ మాట చాలా తెలివైన మాట. తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. చివరికి సైటులో చూసుకునేది ఎవరంటే, ఆ ఇంట్లో ఉండేవాళ్లు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నా జీవితంలో ఎన్ని వందల మరుగుదొడ్లు గీశానో తెలియదు. ఆ ఆఫీసులో గానీ, తిరిగిన సైట్లలో గానీ ఆడమనిషి వెళ్లడానికి ఒక్కటి లేదు. పొద్దున్న గుక్కెడు కాఫీ తాగి సాయంత్రం ఇంటికి చేరేదాకా మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. ఉండనివ్వండి.

మేడ మీద మార్చిన మూల

రాజోలు వైపు ఓ ఊళ్లో సత్తిరాజు గారనే రైతు, కొబ్బరితోటలున్న ఆసామి, వాళ్లమ్మగారి పేరు మీద ఆసుపత్రి కట్టించడానికి పూనుకున్నారు. స్థలం ఆయనదే, ఖర్చూ ఆయనదే. డాక్టరు సుశీలమ్మ గారు అక్కడ పనిచెయ్యడానికి ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ చుట్టుపక్కల కాన్పు కష్టమైతే మంచం మీద మోసుకొచ్చి, రేవు దాటించి, బస్సెక్కించాలి. దారిలో పోయినవాళ్లు ఎందరో. మా పిన్ని అలాగే పోయింది. అందుకే ఆ ఆసుపత్రి బొమ్మని మిగతా వాటికంటే శ్రద్ధగా కట్టాను.

కింది అంతస్తులో వాయవ్య మూల ఆపరేషన్ గది. పై అంతస్తులో ఆడవాళ్ల వార్డు, ఈశాన్య మూల మరుగుదొడ్లు. కింది గోడలు లేచాక సిద్ధాంతి గారు వచ్చి నక్షా చూసి, ఈశాన్యంలో మరుగుదొడ్లు పనికిరావు, వాయవ్యానికి మార్చాలన్నారు. సత్తిరాజు గారు సరేనన్నారు. సూర్యారావు గారు చిత్తమన్నారు. మేడ కాగితం మీద మూల మార్చి గీసేశారు. కింది అంతస్తు కాగితం ఎవరూ తియ్యలేదు.

నేను రెండూ బల్ల మీద పరిచి బల్బు వేసి చూశాను. పైన నాలుగు మరుగుదొడ్లు సరిగ్గా ఆపరేషన్ బల్ల నెత్తి మీద కూర్చున్నాయి. వాటి మురుగు గొట్టాలన్నీ ఆ గది కప్పు కింద వేలాడతాయి.

పరుగెత్తి సూర్యారావు గారికి చూపించాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తెలుసమ్మా" అన్నారు.

తెలియక జరిగిందనుకుని వెళ్లాను నేను.

"తెలిసి ఎలా ఊరుకున్నారండీ?"

"పోతినుము గొట్టాలు వేయిస్తాను. అతుకులకి సీసం పోయిస్తాను. కారదు."

"మన వూళ్లో కారని అతుకు ఒక్కటి చూపించండి. ఈ ఉప్పుగాలికి ఎంతకాలం ఆగుతుందండీ? వార్డులో వాళ్లు గుడ్డలేస్తారు, పీచేస్తారు, గొట్టం పూడుకుపోతుంది. కింద కడుపు కోసి ఉన్న మనిషి ఉంటుందండి."

"సత్తిరాజు గారికి నేను చెప్పలేను. ముహూర్తం పెట్టేసేరు. సైట్లో చూసుకుందాంలే."

"డాక్టరమ్మ గారికైనా చెప్పనివ్వండి."

"ఆఫీసు మాట ఆఫీసులోనే ఉండాలి. నువ్వు నోరు విప్పితే మళ్లీ ఈ గుమ్మం ఎక్కొద్దు" అన్నారాయన. చాలా నెమ్మదిగానే అన్నారు.

స్లాబు పోశారంటే గొట్టాల కన్నాలు అక్కడే ఖాయమైపోతాయి. ఇంక ఆ మరుగుదొడ్లను ఎవరూ కదపలేరు. ఒకపక్క నా ఉద్యోగం, ఇంకోపక్క ఆ బల్ల మీద పడుకోబోయే ఆడవాళ్లు. నేను పెద్దగా ఆలోచించలేదు. ఇంటికెళ్లి బొప్పాయి కాడలు కోశాను.

స్లాబు రోజు

మా వైపు స్లాబు వెయ్యడమంటే సగం పెళ్లి. కొబ్బరికాయ కొడతారు, మేస్త్రీకి కొత్త పంచె పెడతారు, కూలీలందరికీ పులిహోర, పాయసం వండిస్తారు. ముహూర్తానికి మొదటి తట్ట పడి తీరాలి. ఆపడమంటే అపశకునం.

తెల్లారగానే ఆసుపత్రి బొమ్మ ఒళ్లో పెట్టుకుని రాజోలు బస్సెక్కాను. కండక్టరు చూసి, "మేడ కట్టేసేరు బావుందండి, గృహప్రవేశం ఎప్పుడండీ?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వడానికి నోరు రాలేదు.

నేను చేరేసరికి మిక్సరు ఇంజిను మొదలైంది. తట్టలు పట్టుకుని ఆడకూలీలు నిచ్చెన దగ్గర వరస కట్టారు. సత్తిరాజు గారు, సిద్ధాంతి గారు, సుశీలమ్మ గారు కుర్చీల్లో ఉన్నారు. సూర్యారావు గారు నన్ను చూసి ఎదురొచ్చారు. "వెనక్కెళ్లిపో" అన్నారు పళ్లు బిగించి. నేను ఆయన పక్కనుంచి నడిచి వెళ్లి, పూజ బల్ల మీద బొమ్మ పెట్టాను.

"సత్తిరాజు గారూ, ఒక్క నిమిషం ఇలా చూడండి."

"ఏంటమ్మాయ్ ఇది?"

"మీ ఆసుపత్రండి. ఈ అట్టముక్క ఇప్పుడు మీరు పోయబోయే స్లాబు. దీని కింద ఈ సబ్బుపెట్టె ఆపరేషన్ బల్ల. మీద దూది ఉంది కదా, అది రోగి అనుకోండి. ఈ కాడలు పైన వార్డు మురుగు గొట్టాలు."

గుండుసూది తీసి, కాడల అతుకు దగ్గర ఒక్క పోటు పొడిచాను. పసుపు కలిపిన నీళ్లు పైనుంచి పోశాను. నీళ్లు కాడలోంచి పోయాయి, కొంచెం అతుకు దగ్గర ఆగాయి. తర్వాత ఒక చుక్క దూది మీద పడింది. ఇంకోటి పడింది. తెల్ల దూది పసుపుపచ్చగా అయిపోయింది.

మిక్సరు ఒక్కటే గోల చేస్తోంది.

సుశీలమ్మ గారు లేచి నిలబడ్డారు. "సూర్యారావు గారూ, నా బల్ల మీద మరుగుదొడ్లు కడుతున్నారాండీ? ఈ మాట నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన తల దించుకున్నారు. సత్తిరాజు గారి మొహం ఎర్రబడింది. "మా అమ్మ పేరు పెట్టేనండి దీనికి. అమ్మ పేరు చెప్పుకుని జనం నెత్తిన ఇది కార్పిస్తారాండీ? నాకొక్కళ్లూ చెప్పలేదేంటండీ?"

"మీరంటే భయపడి చెప్పలేదండి" అన్నాను. "మీరు మంచి పనే తలపెట్టేరు. కానీ మీ ఎదురుగా ఎవరికీ నోరు రాదండి. అందుకే ఈ తప్పు ఇంతదాకా వచ్చింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. కొడతారేమో అనుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యమంటావు? ఈశాన్యంలో మాత్రం కట్టను."

"వద్దండి. మీ ఇంట్లో మరుగుదొడ్డి ఎక్కడుందండీ?"

"ఇంట్లో ఎందుకుంటుంది? పెరట్లో, విడిగా ఉంటుంది."

"ఏ మూల?"

"వాయవ్యం మూల."

"దాన్నే మేడెత్తుకి కట్టించండి. ఆసుపత్రి గోడకి ఆనకుండా, వాయవ్యం వైపే, విడిగా నాలుగు స్తంభాల మీద. మధ్యలో నడవడానికి చిన్న వంతెన. మురుగు బయట్నుంచే దిగిపోతుంది. కారినా మట్టిలో కారుతుందండి."

సత్తిరాజు గారు సిద్ధాంతి గారి వైపు తిరిగారు. "వాయవ్యమే కదండీ, విడిగా ఉంటే మరీ మంచిది" అన్నారు సిద్ధాంతి గారు. ఆయనకసలు కింద ఆపరేషన్ గది ఉందనే ఎవరూ చెప్పలేదట.

ముహూర్తం మాత్రం దగ్గర పడుతోంది. అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ముహూర్తం మొదటి తట్టకేనండి. ముందు వసారా స్లాబు విడిగానే ఉంది కదండీ, ఈ రోజు అది పోసేద్దాం. పెద్ద స్లాబు కన్నాలు సరిచేసుకున్నాక."

"ఆయ్, అలాగే కానీ" అన్నారు సత్తిరాజు గారు. కొబ్బరికాయ కొట్టారు. మొదటి తట్ట వసారా మీద పడింది. అందరూ పులిహోర తిన్నారు. నాకు ఆకు వేసి పిలిచింది సుశీలమ్మ గారే. తిన్నాను, కడుపు నిండా తిన్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే సూర్యారావు గారు వెనక నిలబడి, "రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు" అన్నారు.

"తెలుసండి" అన్నాను.

ఇంటికి తడిసిపోయిన అట్టబొమ్మతో వచ్చిన నన్ను చూసి మా అమ్మ, "చీపురూ పోయింది, ఉద్యోగమూ పోయింది" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత కూర్చుని అన్నం కలిపి పెట్టింది.

ఉద్యోగం పోయాక

నిజం చెప్పినవాళ్లని లోకం నెత్తిన పెట్టుకుంటుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ తర్వాత చాలాకాలం ఏ ఇంజినీరూ నన్ను పిలవలేదు. పెద్దవాళ్లని నలుగురిలో నవ్వులపాలు చేసే పిల్లని పేరొచ్చింది. ఇంట్లోనే బల్ల వేసుకుని చిన్నచిన్న ఇళ్లకి గీసి బతికాను. తర్వాత సుశీలమ్మ గారు చెప్పగా బళ్లకీ, కల్యాణమంటపాలకీ, ఇంకో రెండు ఆసుపత్రులకీ గీశాను. మండపేటలో ఓ సినిమా హాలు వాళ్లు నా మాట వినలేదు, అక్కడ గాలి గొట్టం దూలానికి తగిలి సగం మూసుకుపోయింది. అన్నిసార్లూ గెలవలేదు. అన్నిసార్లూ చెప్పాను.

నలుగురి ముందు కాకుండా చాటుగా చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ కొందరంటారు. చాటుగా చెప్పాను కదా, అప్పుడు వినలేదు. అదే పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ అదే బస్సెక్కుతాను. ఈసారి పసుపు ఇంకాస్త ఎక్కువ కలుపుతాను.

ప్రసన్నా, నీ కంప్యూటరు మంచిదే. నాకు నెల పట్టే పని పూట తిరక్కుండా చేస్తుంది, కాడలు వడిలిపోవు, మీ అమ్మ తిట్టదు. కానీ అది సత్తిరాజు గారి ఎదురుగా నిలబడదు. అక్కడ నిలబడాల్సింది నువ్వు. వదిలెయ్యమన్నవాళ్లని ఒక్క ప్రశ్న అడుగు, కింద పడుకునేది ఎవరండీ అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఏ స్లాబూ పోయనివ్వకు.

బల్ల మీద

ఎనభైలలో ఓ రోజు సుశీలమ్మ గారు కబురు పంపారు. సూర్యారావు గారికి హఠాత్తుగా కడుపునొప్పి వస్తే, ఆ చుట్టుపక్కల సైటులో ఉన్నారట, సత్తిరాజు గారి ఆసుపత్రికే తీసుకొచ్చి ఆపరేషన్ చేశారు. చూడ్డానికి వెళ్లాను. గురువు కదా.

వెళ్లేటప్పుడు ఆసుపత్రి వెనక్కి వెళ్లి చూశాను. వాయవ్యం వైపు స్తంభాల మీద మరుగుదొడ్లు, బయటికి దిగిన గొట్టాలు. ఒక అతుకు దగ్గర కారుతూనే ఉంది. దాని కింద మట్టిలో ఎవరో చేమదుంపలు వేశారు, ఏపుగా పెరిగాయి.

ఆయన మంచం మీద బాగా నీరసంగా ఉన్నారు. నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. తర్వాత కళ్లు మూసుకునే అన్నారు.

"మత్తిచ్చే ముందు వెల్లకిలా పడుకోబెట్టేరమ్మా. పైకి చూసేను."

"పొడిగా ఉందాండీ?"

"ఆయ్" అన్నారు.

అంతే. ఇంకే మాటా అనలేదు. నన్ను పంపేసినందుకు నొచ్చుకున్నానని అనలేదు. మామూలుగా అలాంటప్పుడు మనం మర్యాదకి "పోనీలెండి" అంటాం. నేను అనలేదు. గ్లాసులో బత్తాయిరసం పోసి, ఆయన తల ఎత్తి పట్టుకుని తాగించాను. కానీ ఆ మాట మాత్రం అనలేదు.